బయోడేటాలో రంగు ఖానా కొట్టెయ్యండి



రిష్తాల కోసం మన ఇళ్ళ మధ్య తిరిగే బయోడేటా కాగితం ఒకసారి తీసి చూడండి. పైన బిస్మిల్లా ఉంటుంది. దాని కింద పేరు, వల్దియత్, పుట్టిన తేదీ, తాలీమ్, ఎత్తు. ఆ తర్వాత ఒక ఖానా: రంగు. అబ్బాయి కాగితంలో చాలాసార్లు ఈ ఖానాయే ఉండదు, ఉన్నా ఖాళీగా వదిలేస్తారు. అమ్మాయి కాగితంలో మాత్రం ఖాళీగా ఉండదు. అక్కడ రెండే మాటలు కనిపిస్తాయి. గోరా, లేదంటే గందుమీ. తెలుగులో కొట్టించినవాళ్ళు తెలుపు అనో గోధుమ రంగు అనో రాస్తారు.

నంద్యాల నుంచి సిరివెళ్ళ మీదుగా ఆళ్లగడ్డకు సుమారు నలభై కిలోమీటర్లు. ఈ దారి పొడుగునా మన మొహల్లాలున్నాయి, మస్జిద్‌లున్నాయి, వేల ఇళ్ళున్నాయి. ఎండ చూస్తే రాయలసీమ ఎండ. కాగితాలను నమ్మితే మాత్రం ఇన్ని ఇళ్ళలో ఒక్క నల్లటి ఆడపిల్ల కూడా పుట్టలేదు. చామనచాయ పిల్ల కూడా లేదు. అందరూ గోధుమలే! వరి, శనగ పండే నేలలో ఇంత గోధుమ యాడి నుంచి వచ్చిందో మరి.

నేను సూటిగా చెప్తాను. బిస్మిల్లా కింద రాసిన ఆ గందుమీ చాలా ఇళ్ళలో అబద్ధం. రాసేవాళ్ళకు తెలుసు, చదివేవాళ్ళకూ తెలుసు. చదివేవాళ్ళు ఆ మాటను “నల్లగా ఉంటుంది, వచ్చి చూసుకోండి” అని తర్జుమా చేసుకుంటారు. తల్లి చేత ఆ అబద్ధం రాయించింది ఎవరు? ఆ ఖానా అడిగినవాళ్ళు. అందుకే ఈ మాట ఆడపిల్లల తల్లులకంటే ముందు మగపిల్లల తల్లిదండ్రులతో అంటున్నాను. ఆ ఖానా కొట్టెయ్యండి. అందులో రాసే మాట మార్చడం కాదు, ఖానానే తీసెయ్యండి.

మాటలు లేక కాదు

“రంగు చెప్పాలంటే మాటలే లేవు, అందుకే గందుమీ అని రాస్తాం” అంటారు కొందరు. ఇది ఝూట్. మనకున్నన్ని మాటలు ఎవరికీ లేవు. ఉర్దూలో భూరా ఉంది, బాదామీ ఉంది. కాచు రంగుకు కత్థయీ ఉంది, మట్టి రంగుకు ఖాకీ ఉంది. తేనెలా మెరిసే కళ్ళకు శర్బతీ ఆంఖేఁ అంటారు. లేత రంగు కళ్ళకు కంజీ అంటారు. మన దక్కనీలో బిల్లీ ఆంఖాఁ అని తేల్చేస్తారు. సాఁవ్లా అనే మాటా, తెలుగు చామనచాయా రెండూ శ్యామ అనే ఒకే మాట పిల్లలు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఉర్దూ అదబ్‌లో తెల్లటి అందానికి సబాహత్ అనీ, చామనచాయ అందానికి మలాహత్ అనీ వేర్వేరు పేర్లున్నాయి. సబాహత్ అంటే సుబహ్ లాంటి వెలుగు. మలాహత్‌లో ఉన్నది మిల్హ్, అంటే ఉప్పు. నమకీన్ హుస్న్ అనేది అందుకే. తెలుగు లావణ్యం లోపల ఉన్నదీ లవణమే, అంటే ఉప్పే. రెండు భాషల పెద్దలూ కూడబలుక్కోకుండానే ఒకే మాట చెప్పారు: ఈ రంగులో రుచి ఉంది. అట్లాంటి రెండు భాషలు ఇంట్లో పెట్టుకుని మనం మలాహత్‌ను “రంగ్ జరా దబా హువా హై” అనే స్థాయికి దించాం. దేని కింద దబా హువా? ఎవరు దబాయించారు?

పశువుల దగ్గరికి వస్తే మనకు నోరు బాగానే తిరుగుతుంది. ఎద్దుల పరసలో కర్రి వేరు, మైల వేరు, పుల్ల వేరు, బొల్లి వేరు, కపిల వేరు. బక్రీద్ పొట్టేలు దగ్గరా అంతే. నెల్లూరు గొర్రెల్లో తెల్లది పల్ల, తెలుపు మీద నల్లమచ్చలుంటే జోడిపి, ఎరుపు కలిసిన గోధుమ రంగుదైతే డోర. ఎద్దుకు ఐదు రంగులు, పొట్టేలుకు మూడు రంగులు గుర్తుపట్టే కళ్ళు సొంత బేటీ దగ్గరికి వచ్చేసరికి రెండే రంగులు చూస్తున్నాయి. వాటిలో ఒకటి అబద్ధం.

జుట్టు, కళ్ళ సంగతీ ఇట్లాంటిదే. ఎండలో తిరిగి, నూనె లేక, తిండి చాలక పేద పిల్ల జుట్టు ఎర్రబడితే “రాగి జుట్టుది” అని వెక్కిరిస్తారు. మాంసకృత్తులు బాగా తక్కువైన పిల్లల జుట్టు ఎరుపు తిరుగుతుందని డాక్టర్లకు తెలుసు, అది ఆకలి గుర్తు. అదే రంగును పార్లర్‌లో వేల రూపాయలు పోసి వేయించుకుంటే అది హైలైట్స్ అయిపోతుంది, వలీమాలో అందరూ తిరిగి చూస్తారు. కళ్ళూ అంతే. తెల్లటి పిల్లకు లేత గోధుమ రంగు కళ్ళుంటే “మాషా అల్లాహ్, శర్బతీ ఆంఖేఁ!” నల్లటి పిల్లకు అవే కళ్ళుంటే “పిల్లికళ్ళది, నజర్ తగులుతుంది.” రంగు ఒకటే. ఎవరి మొహం మీద ఉంది, ఎవరి ఇంట్లో ఉంది అన్నదాన్ని బట్టి మాట మారుతోంది. అంటే మనం చూస్తున్నది రంగును కాదు, హైసియత్‌ను.

స్పానిష్ భాష చెప్పే సబఖ్

ఈ రోగం మన ఒక్కరిదే కాదు. అది ముదిరితే ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే స్పానిష్ భాష వైపు చూడాలి. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లల్ని అడగండి. అక్కడి బడుల్లో స్పానిష్ తీసుకున్నవాళ్ళకు మొదట్లోనే మనిషిని వర్ణించే పాఠం వస్తుంది. ఇంగ్లీషులో బ్రౌన్ అనే ఒక్క మాట సరిపోయే చోట స్పానిష్‌లో చాలా మాటలున్నాయి. బ్రౌన్ జుట్టు అయితే కస్తాన్యో, అంటే చెస్ట్‌నట్ కాయ రంగు. కళ్ళకు స్పెయిన్‌లో మర్రోన్ అంటారు, అదీ ఫ్రెంచి నుంచి వచ్చిన చెస్ట్‌నట్ పేరే. మెక్సికోలో కళ్ళు కఫే, అంటే కాఫీ రంగు. తేనె రంగు కళ్ళకు మియెల్ అంటారు, తేనె అనే అర్థం. ముదురు గోధుమ బూడిద రంగుకు పార్దో. మనిషి ఒంటి రంగు గోధుమలా ఉంటే త్రిగేన్యో. త్రిగో అంటే గోధుమ. అంటే సముద్రాల అవతల కూడా మన గందుమీ ఉంది!

ఇందులో మనవాళ్ళ గురుతులు కూడా ఉన్నాయి. కఫే అరబ్బీ ఖహ్వా నుంచి బయల్దేరిన మాట. లేత నీలి కళ్ళకు వాళ్ళు వాడే సార్కో అనే మాట అరబ్బీ జర్ఖా. అన్నిటికంటే ముఖ్యమైనది మొరేనో. చామనచాయ మనిషికి, నల్లటి జుట్టు మనిషికి స్పానిష్‌లో రోజూ వాడే మాట ఇది. ఇది మోరో అనే మాట నుంచి పుట్టింది. మోరో అంటే ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం. 711లో అందలూస్‌లో అడుగుపెట్టి 1492లో గర్నాతా పోగొట్టుకునేదాకా ఏడెనిమిది శతాబ్దాలు అక్కడ బతికినవాళ్ళ పేరు ఒక రంగు పేరైపోయింది.

గింజ, గోధుమ, తేనె, కాఫీ. మాటలు ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి. మరి వాటిని ఏం చేశారు?

1449లో తొలేదో పట్టణంలో ఒక శాసనం చేశారు. యూదు మతం వదిలి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళకు, వాళ్ళ ఔలాద్‌కు పట్టణ పదవులు ఇవ్వకూడదు. ఖూన్ సాఫ్‌గా ఉండాలట! తర్వాత తర్వాత ఇట్లాంటి కట్టుబాట్లు ముస్లిం పూర్వీకులున్నవాళ్ళ మీద కూడా పడ్డాయి. ముత్తాత ఎవరో రుజువు చూపించమన్నారు. 1609 నుంచి 1614 దాకా మొరిస్కోలను, అంటే బాప్తిస్మం తీసుకున్న ముస్లింల ఔలాద్‌ను, మొత్తంగా దేశం నుంచి వెళ్ళగొట్టారు.

అదే జిహ్న్ ఓడలెక్కి అమెరికా ఖండాలకు పోయింది. అక్కడ స్పెయిన్ పాలించిన ఇలాఖాల్లో పార్దో, మొరేనో అనేవి వర్ణన మాటలుగా మిగల్లేదు. దఫ్తర్ మాటలయ్యాయి. ఆఫ్రికా రక్తం కలిసిన స్వేచ్ఛా ప్రజలు పార్దోలు, నల్లజాతి స్వేచ్ఛా ప్రజలు మొరేనోలు. ఫౌజ్‌లో కూడా పార్దోల పటాలం వేరు, మొరేనోల పటాలం వేరు. ఎవరు ఏ ఉద్యోగం చేయొచ్చు, ఎవరు యూనివర్సిటీలో చేరొచ్చు అన్నది ఆ మాట మీద ఆధారపడింది.

ఆఖరికి ఆ మాటకు ధర కట్టారు. గ్రాసియాస్ అల్ సకార్ అని రాజుగారి ఇనాయత్‌లు డబ్బుకు అమ్మే పద్ధతి ఒకటుండేది. 1795లో అచ్చయిన దాని ధరల పట్టికలో కొత్తగా రెండు వరసలు చేరాయి. పార్దో అనే హోదా తీసేయించుకోవాలంటే 500 రియాల్‌లు. కింతెరోన్ అనే ఇంకో మిశ్రమ వర్గం వాళ్ళకు 800. మన అన్నదమ్ములు సౌదీలో సంపాదిస్తున్న రియాల్ పేరు కూడా ఈ స్పానిష్ నాణెం పేరు నుంచి వచ్చిందే. అంటే బ్రౌన్ మనిషి దరఖాస్తు పెట్టి, రుసుం కట్టి, తాను బ్రౌన్ కాదని రాజు చేత కాగితం రాయించుకోవచ్చన్నమాట. దీనికి కూడా కరాకస్ నగర పెద్దలు ఒప్పుకోలేదు. ఈ పార్దోలు మాతో సమానమవుతారా అని రాజుకు మొర పెట్టుకున్నారు.

నవ్వొస్తోందా? నవ్వే ముందు మన ఇంటి హిసాబ్ చూసుకుందాం.

మన ధరల పట్టిక

మనకు అచ్చేసిన పట్టిక లేదు. అవసరం కూడా లేదు, అందరికీ జుబానీ వచ్చు. పిల్ల గోరీ అయితే లేన్‌దేన్ మాటలు మెత్తగా సాగుతాయి. “మాకేం వద్దు, మీ బిడ్డకు మీరు పెట్టుకునేది పెట్టుకోండి.” రంగు దబా హువా అయితే అదే నోరు ఇంకో రకంగా మాట్లాడుతుంది. “పిల్ల తాలీమ్ బాగుంది, ఖాందాన్ బాగుంది, కానీ...” ఆ కానీ తర్వాత రెండు తులాలు పెరుగుతాయి. జోడే కీ రఖమ్ పెరుగుతుంది. మోటార్ సైకిల్ కారవుతుంది. ఆడపిల్ల అబ్బా ఎకరం అమ్మి కట్టేది పార్దో రుసుం కాకపోతే ఇంకేమిటి? స్పెయిన్ రాజు కనీసం రసీదు ఇచ్చాడు. మనం రసీదు కూడా ఇవ్వం. నికాహ్ అయిన పదేళ్ళకు కూడా “నిన్ను చేసుకోవడమే ఎక్కువ” అనే మాట ఆ పిల్ల వింటూనే ఉంటుంది.

షరియత్ ప్రకారం ఇచ్చేవాడు దూలా. మెహర్ ఆడపిల్ల హక్కు. కట్నం తీసుకోవడం 1961 చట్టం ప్రకారం జుర్మ్. దీన్ వద్దంది, దేశం వద్దంది. అయినా మనం తీసుకుంటున్నాం, పైగా రంగును బట్టి హెచ్చు తగ్గులు పెడుతున్నాం. ఒక హరామ్ మీద ఇంకో జుల్మ్.

నంద్యాల రైతును అడగండి. కుందూ పక్కన నల్లరేగడి చేను అమ్మకానికి వస్తే ఎవరైనా “నేల నల్లగా ఉంది, ధర తగ్గించు” అంటారా? నలుపే దాని విలువ అని పసిపిల్లవాడికి కూడా తెలుసు. తడి నిలుపుకుంటుంది, పత్తినీ శనగనూ పండిస్తుంది. ఆళ్లగడ్డ రాతి పనివాళ్ళను అడగండి. వాళ్ళ శిల్పకళకు దేశంలో భౌగోళిక గుర్తింపు ఉంది. రాయి ఎంచుకునేటప్పుడు తట్టి శబ్దం వింటారు, లోపల పగులు ఉందేమో చూస్తారు. మనిషిని ఇంటికి తెచ్చుకునేటప్పుడు లోపల పగులుందో లేదో మనం తట్టి చూస్తున్నామా? అబ్బాయి నమాజ్ సంగతి, తాగుడు సంగతి, అప్పుల సంగతి అడగడానికి మొహమాటపడతాం. అమ్మాయి మోచేయి రంగు చూడటానికి మాత్రం మొహమాటం లేదు. మొహానికి మేకప్ ఉంటుందని చేతులు, పాదాలు చూసే ఖాలాలను మీరూ చూసే ఉంటారు.

దీన్ ఏమంటోంది

రంగుల తేడా అల్లాహ్ నిషానీల్లో ఒకటని ఖుర్ఆన్‌లో సూరహ్ అర్-రూమ్ 22వ ఆయత్ చెప్తోంది. భాషల తేడానూ రంగుల తేడానూ ఆ ఆయత్ పక్కపక్కనే పెట్టింది. తెలుగు మాట్లాడే ముస్లింలం మనం. “తుమ్‌కు ఉర్దూ బరాబర్ నై ఆతీ” అని పట్నం వాళ్ళు వెక్కిరిస్తే మనకు బాధ కలుగుతుంది కదా. భాష కూడా అల్లాహ్ నిషానీయే అని ఈ ఆయతే చెప్పి జవాబిస్తాం. మరి ఆయత్‌లో సగం మన ఇజ్జత్ కోసం వాడుకుని, మిగతా సగాన్ని ఇంటి ఆడపిల్లల దగ్గర దాచిపెట్టడం ఏ ఇన్సాఫ్?

రసూలుల్లాహ్ (స) ఆఖరి హజ్ ఖుత్బాలో తెల్లవాడికి నల్లవాడి మీద ఏ ఫజీలత్ లేదని, తఖ్వా ఒక్కటే కొలమానమని చాటారు. ఇది అందరికీ కంఠస్థం. కానీ మన సంగతికి ఇంకా దగ్గరగా ఉన్న ఒక హదీస్ బుఖారీలో, ముస్లింలో ఉంది. దాన్ని మన జుమా బయాన్‌లలో చెప్పేవాళ్ళు తక్కువ. ఒక బదూ వచ్చి నా భార్య నల్లటి బిడ్డను కన్నదని ఫిర్యాదులా చెప్పాడు. ఆయన (స) కోపగించుకోలేదు. నీకు ఒంటెలున్నాయా అని అడిగారు. ఉన్నాయి. ఏ రంగువి? ఎర్రవి. వాటిలో బూడిద రంగుది ఏదైనా ఉందా? ఉంది. అదెట్లా వచ్చింది? ఏదో పూర్వపు రగ్ లాగి ఉంటుంది అన్నాడు అతను. మరి నీ బిడ్డనూ అట్లాగే ఏదో రగ్ లాగి ఉంటుంది అన్నారు. చూశారా? పశువుల రంగులు అంత బాగా తెలిసిన మనిషికి ఆ పశువులతోనే జవాబిచ్చారు. ఒంటెలో మామూలుగా తీసుకున్నదాన్ని బిడ్డలో ఐబ్ అనుకోకు అని నేర్పారు.

ఇంకోటి. ఉసామా బిన్ జైద్ (రజి) నల్లగా ఉండేవారు, తండ్రి జైద్ (రజి) తెల్లగా ఉండేవారు. తల్లి ఉమ్మె ఐమన్ (రజి) హబషీ. తండ్రీకొడుకుల రంగు కలవలేదని జనం గుసగుసలాడారు. ఒకరోజు ఇద్దరూ చాదర్ కప్పుకుని పడుకుని ఉంటే, వంశపు పోలికలు పట్టే ఒక మనిషి బయటికి కనిపిస్తున్న పాదాలు మాత్రమే చూసి, ఇవి ఒకదానికొకటి చెందినవే అన్నాడు. రసూలుల్లాహ్ (స) ఆ మాటకు ఎంత ఖుషీ అయ్యారో ఆయిషా (రజి) చెప్పారు. మనుషుల నోళ్ళు చేసిన గాయం ఆయనను కూడా బాధపెట్టిందనేగా దీనర్థం. అబూ జర్ (రజి) కోపంలో ఒక మనిషిని అతని తల్లి పేరు ఎత్తి దెప్పితే, నీలో ఇంకా జాహిలియత్ ఉంది అని హెచ్చరించారు. అబూ జర్ అంతటి సహాబీకే ఆ మాట పడింది. పెళ్ళిచూపుల్లో సమోసా తింటూ మనం అనే మాటలకు ఏం పడాలి?

మీరనే మాటలు, నా జవాబులు

“షరియత్ అమ్మాయిని చూసుకోమంది కదా” అంటారు. చేసుకోబోయే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవచ్చు అంది. ఏడుగురు ఆడవాళ్ళు టాటా సుమోలో దిగి కిటికీ దగ్గరికి రమ్మని, వెలుతురులో నిలబెట్టి చూడమని అనలేదు. స్త్రీని ధనం కోసం, ఖాందాన్ కోసం, హుస్న్ కోసం, దీన్ కోసం చేసుకుంటారని చెప్పి, దీన్‌ను ఎంచుకోమన్న హదీస్ కూడా మీకు తెలుసు. అందులో హుస్న్ ఉంది కానీ తెలుపు లేదు. హుస్న్ అంటే తెలుపు అని అర్థం చెప్పిన లుగత్ ఏదైనా ఉంటే చూపించండి.

“పసంద్ అనేది ఎవరిది వాళ్ళది” అంటారు. బాగుంది. నిజంగా ఎవరిది వాళ్ళదైతే సగంమందికైనా సాఁవ్లా పసంద్ కావాలి కదా. ఊరందరి పసంద్ ఒకటే అయినప్పుడు, దానికి తులాల లెక్క తోడైనప్పుడు అది పసంద్ కాదు, బజార్ రేటు. పైగా అబ్బాయి పసంద్ చాలాసార్లు అడగను కూడా అడగరు. “లడ్కీ గోరీ హోనా” అనేది అమ్మీ మాట.

“మేం పఠాన్ నస్ల్, మేం అరబ్బులం, మా ఖాందాన్‌లో అందరూ సుర్ఖ్ ఓ సఫేద్” అంటారు ఇంకొందరు. అరబ్బుల్లో అన్ని రంగులూ ఉన్నాయని గల్ఫ్‌కు పోయొచ్చిన ఎవరిని అడిగినా చెప్తారు. చర్మం, జుట్టు, కళ్ళు, మూడింటి రంగుకూ మెలనిన్ అనే ఒకే పదార్థం ముఖ్య కారణం. ఎక్కువుంటే ముదురు, తక్కువుంటే లేత, అంతే. చర్మం రంగును లేతగా చేసే ఒక జన్యు మార్పు ఐరోపా వాళ్ళలో, మన దక్షిణాసియా వాళ్ళలో ఒకే మూలం నుంచి వచ్చిందని 2013లో అచ్చయిన పరిశోధన ఒకటి తేల్చింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అందులో ఉన్నారు. అది సయ్యద్ ఇల్లు, దూదేకుల ఇల్లు అని చూసి రాదు. మన మాటలే ఇల్లు చూసి వస్తాయి. దూదేకుల పిల్ల తెల్లగా ఉంటే “దూదేకుల అయినా గోరీగా ఉంది” అంటాం. సయ్యద్ పిల్ల నల్లగా ఉంటే “సయ్యద్ అయినా రంగు రాలేదు” అంటాం. ఆ “అయినా”లో తొలేదో శాసనం మొత్తం ఉంది. ఏ ఖూన్ పేరుతో మొరిస్కోలను గెంటేశారో, ఆ ఖూన్ లెక్కనే మనం మన దస్తర్‌ఖాన్ మీద పెట్టుకున్నాం.

“మనం ఒక్కరమేనా, హిందువుల్లో లేదా?” అంటారు. ఉంది. ఎర్రగా బుర్రగా ఉండాలనే మాట తెలుగునాట అందరిదీ. కానీ ఖియామత్ రోజు పక్కింటి హిసాబ్ మనల్ని అడగరు.

“గోరా అనడం మానేసి సాఫ్ రంగ్ అంటున్నాం” అనేవాళ్ళూ ఉన్నారు. మాట మార్చితే పని అవ్వదు. 1975లో ఫెయిర్ అండ్ లవ్‌లీ వచ్చింది. 2020లో పేరులో ఫెయిర్ తీసి గ్లో పెట్టారు. క్రీము అమ్మకం ఆగిందా? అదే ఏడాది షాదీ డాట్ కామ్ వాళ్ళు విమర్శలు వచ్చాక రంగును బట్టి వెతికే సదుపాయం తీసేశారు. ఖానా తీయడమంటే అదీ. వ్యాపారం చేసుకునేవాళ్ళు చేసిన ఆ పని, ఉమ్మత్ అని చెప్పుకునే మనం ఎందుకు చేయలేం?

పిల్లల ఒళ్ళు, పిల్లల మనసు

ఇది మాటలతో ఆగే సంగతి కాదు, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. రిష్తా కుదరాలని ఆడపిల్లలు పూస్తున్న క్రీముల్లో ఏముందో తల్లులకు తెలియదు. కొన్నిట్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి నెల మొహం తెల్లబడుతుంది. తర్వాత చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలతో నిండుతుంది. ఆపితే మంట, ఆపకపోతే నాశనం. ఒంటికి పూసే 14 రకాల స్టెరాయిడ్‌లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది. ఇంకొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. కేరళలో మలప్పురం జిల్లా డాక్టర్లు 2023లో కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్ళను పరిశీలిస్తే, చాలామంది తెల్లబడే క్రీములు వాడుతున్నవాళ్ళని తేలింది. రంగు ఖానా నింపడానికి కిడ్నీ ఇచ్చుకోవాలా?

మనసు సంగతి దీనికంటే ఘోరం. ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళుంటే, అక్కను చూడటానికి వచ్చినవాళ్ళు చెల్లెల్ని అడుగుతారని చెల్లెల్ని వంటింట్లో దాచే ఇళ్ళు ఎన్ని లేవు? డిగ్రీ చదివి, ఖుర్ఆన్ తర్జుమాతో చదివిన పిల్ల, నలుగురు చూసి వెళ్ళాక అద్దం ముందు నిలబడి తన మొహాన్ని తానే ఐబ్‌లా చూసుకుంటుంది. ఆ మొహం చేసిన ముసవ్విర్ ఎవరు? ఆ పేరు అల్లాహ్ సిఫాతీ నామాల్లో ఒకటి. ఆయన తఖ్లీఖ్‌కు మనం మార్కులు వేస్తున్నాం.

ఏం చేయాలి

రంగు మాటలన్నీ నిషేధించమని నేను అనడం లేదు. తప్పిపోయిన పిల్లవాడి కోసం పోలీసులకు చెప్పాలంటే చామనచాయ అని చెప్పాల్సిందే. మనవరాలి కళ్ళు శర్బతీగా ఉన్నాయని నానీ మురిసిపోతే మురిసిపోనివ్వండి. గుర్తు కోసం వాడే మాట వేరు, ప్రేమతో వాడే మాట వేరు, ధర కట్టడానికి వాడే మాట వేరు. బయోడేటాలో ఉన్నది మూడోది.

కాబట్టి మగపిల్లల అమ్మీఅబ్బాలు మొదట ఒక పని చేయండి. రిష్తా చెప్పే ఖాలాకు ఫోన్ చేసినప్పుడు రంగు అడగకండి. ఆమె తనంతట తాను చెప్తే “అది మాకు అవసరం లేదు, పిల్ల మిజాజ్ చెప్పు” అనండి. ఒక్క ఇల్లు అట్లా అంటే ఆమె ఇంకో పది ఇళ్ళలో చెప్తుంది. మంచి మాట కూడా అట్లాగే పాకుతుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులారా, ఆ ఖానా తీసేసి కొట్టించండి. అడిగితే “వచ్చి చూస్తారు కదా” అనండి. గందుమీ అని రాయకండి. మీ బిడ్డ నల్లగా ఉంటే అది దాచాల్సిన సంగతి కాదు. అబద్ధంతో మొదలైన రిష్తాలో ఆ అబద్ధం జుర్మానా ఆమే కడుతుంది.

నౌజవాన్లారా, ఇల్లు తిరిగి అమ్మాయిల్ని వద్దని వచ్చేది మీ పేరు మీదే. అమ్మీ చూసొచ్చి “రంగు తక్కువ” అంటే, “అమ్మీ, నేనడిగింది అది కాదు” అని ఒక్క మాట అనే హిమ్మత్ చూపించండి. అమ్మీని ఎదిరించడం కాదు అది. ఆమెను ఒక గునాహ్ నుంచి కాపాడటం.

ఇమామ్ సాహెబ్‌లకూ, మస్జిద్ కమిటీ పెద్దలకూ నా గుజారిష్. నికాహ్ ఖుత్బాకు ముందు రెండు నిమిషాలు తెలుగులో ఆ ఒంటెల హదీస్ చెప్పండి. దూలా వైపువాళ్ళు, దుల్హన్ వైపువాళ్ళు ఇద్దరూ అక్కడే ఉంటారు. బిలాల్ (రజి) నలుపును బయాన్‌లో పొగిడి, ఆ నలుపు ఇంటికి కోడలిగా వస్తానంటే వద్దనే మునాఫికత్ గురించి కూడా చెప్పండి.

ఈసారి బయోడేటా కొట్టించడానికి డీటీపీ సెంటర్‌కు వెళ్ళినప్పుడు పాత కాపీ ఇచ్చి ఇదే మళ్ళీ కొట్టమని అనకండి. కలం తీసి ఆ ఒక్క వరుస కొట్టేసి ఇవ్వండి.